అది నాగలి కాదని తేలిన రోజు

మా ముత్తాతగారు వంశధార ఒడ్డున ఒక జమీకి దివాను. మా తాతగారు అదే జమీలో శిస్తు వసూలు చూసే అమీను. దివానుగారు బయటికి వస్తే ముందు దారి చేసే మనిషి ఒకడు, వెనక గొడుగు పట్టే మనిషి ఒకడు నడిచేవారట. తాతగారి నాటికి ముందు నడిచేవాడు పోయాడు. నాన్నగారి నాటికి జమీయే పోయింది. గొడుగు మిగిలింది, పట్టేవాడు మిగల్లేదు. ఆ గొడుగు తామే పట్టుకుని నాన్నగారు బిలాస్‌పూర్‌లో రైలు దిగి, గూడ్స్ ఆఫీసులో గుమస్తాగా చేరారు. మా రేల్వే క్వార్టర్‌లో రెండు గదులు, ఒక వరండా, ఒక వంశచరిత్ర ఉండేవి.

ఆ చరిత్రలో మా అమ్మకి బాగా నచ్చిన భాగం ఒకటుంది. "మనింట్లో మేడి పట్టిన చెయ్యి లేదు, వంగిన నడుము లేదు" అనేది. పొలాలు ఉండేవి, కానీ మావాళ్ళు వాటిలోకి దిగేవారు కారు. గట్టు మీద నిలబడి చూసేవారు. చూడటం కూడా ఒక పనేనని, అది అందరికీ చేతకాదని మా నమ్మకం.

అలాంటి ఇంట్లో పుట్టి నేను వ్యవసాయశాస్త్రం చదివాను. ప్రభుత్వ శాఖలో చిన్న రైతులకి కొత్త పద్ధతులు నేర్పే ఉద్యోగం దొరికింది. అమ్మ రెండు రోజులు ఆలోచించి, "పొలం పని కాదు, పొలం పని చెప్పే పని" అని తనకు తాను నచ్చజెప్పుకుంది. నాన్నగారి గొడుగు నాకు ఇచ్చింది.

ఇప్పుడు ఇదే పనిలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తూంటారు. ఫోన్‌లో వీడియో చూపిస్తే రైతు నేర్చేసుకుంటాడని వాళ్ళ నమ్మకం. మా రోజుల్లో గోడకి తగిలించే రంగుల బొమ్మల మీద ఉండేది ఆ నమ్మకం. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. తెలుగు చదవడం రానివాళ్ళు మీ అమ్మమ్మల చేత చదివించుకోండి. వాళ్ళయితే మధ్యలో ఫోన్ చూసుకోరు.

ఎనభైల చివరి మాట. నేను బిలాస్‌పూర్‌లోనే తోర్వా పేటలో ఉండేవాణ్ణి. నా పరిధిలో ఉన్న ఊళ్ళలో ఒకటి బెల్తరా దాటి లోపలికి వెళ్తే వస్తుంది. ఆ ప్రాంతపు వరి సంగతి ఒకటి ముందే చెప్పాలి. తొలకరి పడగానే మడిలో గింజ వెదజల్లుతారు. నెల తిరిగి నీళ్ళు నిలిచాక, పచ్చగా ఎదిగిన ఆ పైరు మీదే నాగలి పెట్టి దున్నేస్తారు. దాన్ని బియాసీ అంటారు. కలుపు మట్టిలోకి పోతుంది, ఒత్తుగా ఉన్న పైరు పలచబడుతుంది, మిగిలినది దుబ్బు కడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ రైతుకి మతి పోయిందనుకున్నాను. పోలేదు. అయితే ఆ పద్ధతి ఎడ్లు ఉన్నవాడికే పనికొస్తుంది. నీళ్ళు నిలిచిన కొద్ది రోజుల్లోనే దున్నాలి. ఎడ్లు లేనివాళ్ళు ఉన్నవాళ్ళ పని అయ్యేదాకా ఆగాలి. అప్పటికి మడిలో నీళ్ళు ఉండవు, కలుపు మాత్రం ఉంటుంది.

దీనికి మా శాఖ ఒక విరుగుడు పంపింది. గింజ వెదజల్లకుండా తాడు కట్టి వరుసల్లో వేయాలి. వరుసల మధ్య వీడర్ అనే చేతియంత్రం తోయాలి. పొడుగాటి పిడి, దాని చివర పళ్ళున్న రెండు చక్రాలు, ముందు పడవ ముక్కు లాంటి రేకు. ముందుకీ వెనక్కీ తోస్తే కలుపు బురదలో కలిసిపోతుంది. ఎడ్లు అక్కర్లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది, నడుము వంచక్కర్లేదు. మా వంశాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేశారా అనిపించేది.

శిక్షణకి మగవాళ్ళని పిలిచేవాళ్ళం. కలుపు తీసేది ఆడవాళ్ళు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడాలని శాఖలో పైనుంచి కిందిదాకా ఎవరికీ తోచలేదు. నేను గట్టు మీద గొడుగు కింద నిలబడి, "ఇలా తోయాలి" అని గాలిలో తోసి చూపించేవాణ్ణి. రైతులు తల ఊపేవారు. గాలిలో నా పనితనం వాళ్ళకి బాగా నచ్చింది. ఒక్కడూ వీడర్ పట్టుకెళ్ళలేదు.

ఆ ఊరివాళ్ళ మాట ఛత్తీస్‌గఢీ. అది నా చెవుల్లో మా రేల్వే ఇళ్ళ తెలుగులోనే మిగిలిపోయింది, అలాగే రాస్తున్నాను.

"ఏటి కష్టం?" అని ఒకసారి అడిగాను.

"కష్టం ఏటి లేదు మహరాజ్," అన్నాడు ఊరి పెద్ద. నేను బ్రాహ్మణ్ణని తెలిసి అలా పిలిచేవారు. "కలుపు తీసేదయితే ఆడాళ్ళ పని, మగాడు ముట్టుకుంటే నవ్వుతారు. మడిని తిరగేసేదయితే నాగలి, ఆడది ముట్టుకోకూడదు. ఇది రెండూ చేస్తంది. మరి ఎవరు ముట్టుకోవాల?"

ఆడమనిషి నాగలి ముట్టుకుంటే వాన వెనక్కి పోతుందని అక్కడి నమ్మకం. ముట్టుకున్న ఇంటితో ఊరు నిప్పూ నీళ్ళూ మానేస్తుంది. ఈ ప్రశ్నని నేను పైకి రాశాను. "రైతులలో అవగాహన పెంచవలెను" అని జవాబు వచ్చింది. ఇంకో రంగుల బొమ్మ కూడా వచ్చింది.

ఆ ఊళ్ళోనే ఉండేది ఒక విధవరాలు. అక్కడ కోడళ్ళని పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు. బెల్తరా ఆడపడుచు కాబట్టి బెల్తరాహిన్ అనేవారు. అసలు పేరు నేను ఎన్నడూ వినలేదు. మా కాగితాల్లో ఆమె భర్త ఇంకా బతికే ఉన్నాడు. ఆయన పేరున శిక్షణకి పిలుపు వెళ్తే ఆమె వచ్చింది. శిక్షణ గదిలో ఆమె బావగారు, అంటే భర్త అన్నగారు కూర్చుని ఉన్నాడు. ఆయనకి ఎదురుపడకూడదు కనుక ముసుగు ముఖం మీదికి లాక్కుని గుమ్మం బయటే కూర్చుంది.

అంతా అయ్యాక గుమ్మం అవతల నుంచి గొంతు వినిపించింది.

"సాహెబ్, దీన్ని తొయ్యడానికి ఎడ్లు కావాలా?"

"అక్కర్లేదు."

"మగమనిషి కావాలా?"

ఆ ప్రశ్నకి మా పుస్తకాల్లో జవాబు లేదు. అక్కర్లేదన్నాను.

ఆమెకి రెండు మడులు ఉన్నాయి, ఎడ్లు లేవు. బియాసీకి ఏటా బావగారి నాగలే దిక్కు. ఆయన తన మడులన్నీ అయ్యాక, తన స్నేహితులవి అయ్యాక, ఎడ్లు అలిసిపోయాక వచ్చేవాడు. ఆ పంట సగం కలుపే. మరదలితో నేరుగా మాట్లాడకూడదు కనుక, ఏటా కోతల తరువాత ఆయన గోడతో చెప్పేవాడట, "ఆడదాని సేద్యం ఇలాగే ఉంటాది. ఆ మడులు నాకిచ్చీసి మా ఇంట్లో ఒక ముద్ద తింటే సరిపోను" అని. ఆమె కూడా గోడకే జవాబు చెప్పేది, "నా చేతి ముద్ద నాకు అరుగుతాది" అని.

ఆ యేడు తొలకరికి ఆమె తాడు కట్టి గింజ వేసింది. పైరు వరుసలు తీరింది. వీడర్ ఆమె ఇంటికి చేరింది. సరిగ్గా దాన్ని మడిలో పెట్టాల్సిన సమయానికి హరేలీ వచ్చింది.

హరేలీ అంటే అక్కడి లెక్కలో శ్రావణ అమావాస్య, మన ఆషాఢ అమావాస్య, అక్కడి రైతుల మొదటి పండగ. నాగళ్ళు, పారలు, కొడవళ్ళు అన్నీ కడిగి, వాకిట్లో వరుసగా పెట్టి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. ఆ రోజు ఏ పనిముట్టూ పొలంలో దిగకూడదు. మా పెద్దసారు పొలంలో ప్రదర్శన పెట్టింది ఆ రోజే. పదిహేను రోజులకొకసారి ఫలానా ఊళ్ళో ఫలానా శిక్షణ అని పైన ఖాయం చేసిన పట్టిక ఉండేది. దాన్ని మార్చడం కన్నా అమావాస్యని మార్చడం సులువు.

"సార్, ఇయాల ఆళ్ళు పార కూడా ముట్టరు కదా," అన్నాడు మా జీపు డ్రైవరు. బిలాస్‌పూర్ పక్కన లాల్‌ఖదాన్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడే. తండ్రి లోకో షెడ్‌లో ఫిట్టరు. పెద్దసారుకి తెలుగు రాదు కనుక జీపులో శాఖాపరమైన విమర్శ అంతా మా ఇద్దరి మధ్య తెలుగులో సాగేది.

"ఆ మాట నువ్వు చెప్పు," అన్నాను.

"నానేటి చెప్తాను సార్. మీరు దివానుగారి మనవలు, మీరు చెప్పాల."

పెద్దసారు వెనక సీటులోంచి, "అచ్ఛా, ఏమంటున్నాడు?" అన్నారు.

"రోడ్డు బాగుందంటున్నాడు సార్."

ఊళ్ళో ప్రతి గుమ్మానికీ వేపరెమ్మలు ఉన్నాయి. ప్రతి వాకిట్లో ఎర్రమట్టి పోసి, కడిగిన పనిముట్లు పేర్చి, ముందు చీలాలు, అంటే బియ్యప్పిండి అట్లు, నైవేద్యం పెట్టారు. పిల్లలు వెదురు కర్రల మీద ఎక్కి నడుస్తున్నారు. బెల్తరాహిన్ వాకిట్లో నాగలి లేదు. కొడవలి, చిన్న పార, వాటి పక్కన పసుపు పూసిన వీడర్ ఉన్నాయి. శుభ్రంగా కడిగింది. మా గోదాములో ఉన్నప్పుడు అది అంత మెరిసి ఎరగదు.

పెద్దసారు ముచ్చటపడ్డారు. "దీన్ని మడిలో తోస్తూ ఒక్క ఫొటో చాలు" అన్నారు. మగవాళ్ళెవరూ కదల్లేదు. "అమ్మా, నువ్వే తొయ్యి" అని ఆమెనే అడిగేశారు.

బావగారు ఎదురు చూస్తున్నది ఆ మాట కోసమే. ముందుకొచ్చి ఊరి పెద్దతో అన్నాడు, "సూసేరా. పూజ చేసింది, అంటే పనిముట్టే. మడిని తిరగేస్తాది, అంటే నాగలే. ఆడమనిషి చేత నాగలి పట్టిస్తన్నారు, అదీ హరేలీ నాడు. రేపు వాన పోతే ఎవరి ఇంటికెళ్ళి అడగాల?"

ఊరి పెద్ద మీసం నిమురుకున్నాడు. "పండగ పూట తగువేటి. రేపు పొద్దున్న మడి దగ్గిర తేల్చీద్దాం. నాగలేనని తేలితే, ఆ మడులు ఈ యేటి నుంచి నీ నాగలి కింద ఉంటాయి. ఆమె నీ ఇంట్లో తింటాది. కాదని తేలితే ఆమె ఇష్టం. అందాకా ఎవరూ దాన్ని ముట్టద్దు."

బెల్తరాహిన్ గాజులు లేని చెయ్యి వీడర్ పిడి దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

పెద్దసారు చీలాలు తిని, బాగున్నాయని మెచ్చుకుని, జీపెక్కారు. దారిలో నాతో అన్నారు, "రేపు మీరు వెళ్ళి ఆ యంత్రం వెనక్కి తెచ్చెయ్యండి. గోదాములో ఉంటే ఎవరికీ గొడవ లేదు." ఆనాటి శిక్షణ విజయవంతమైనట్టు ఆయన పైకి రాశారని తరువాత తెలిసింది. ఒక రకంగా నిజమే. చీలాలు చేయడం ఎలాగో ఆయన అడిగి మరీ తెలుసుకున్నారు.

మర్నాడు జీపులో వెళ్తూ ఒక ఆలోచన చేశాను. ఆ దేశంలోనూ బ్రాహ్మలు నాగలి ముట్టరు. ముడితే కులంలో ఉండరు. అంచేత నేను, దివానుగారి మునిమనవణ్ణి, అందరి ముందూ వీడర్ పట్టి తోస్తే అది నాగలి కాదని నిరూపణ అయిపోతుంది. నా వంశం మీద నాకున్న నమ్మకం అలాంటిది. మూడు తరాలుగా ఏ బజార్లోనూ చెల్లని ఆ ప్రతిష్ఠ ఒక్కసారి చెల్లితే చాలుననిపించింది.

మడి దగ్గర ఊరంతా ఉంది. ఒక గట్టు మీద మగవాళ్ళు, ఎదుటి గట్టు మీద ఆడవాళ్ళు. బావగారు ఎడ్లకి నాగలి కట్టుకుని మరీ వచ్చాడు, తీర్పు కాగానే దిగడానికి. బెల్తరాహిన్ తన మడికి మూల నిలబడి ఉంది. వీడర్ గట్టు మీద పడుకుని ఉంది, పసుపుతో సహా.

నాకు వచ్చిన హిందీలో చెప్పాను. "మా ముత్తాత దివాను. మా తాత అమీను. మా వంశంలో నాగలి ముట్టినవాడు లేడు. ఇది నాగలైతే నేను ముట్టుకుంటానా?"

గొడుగు డ్రైవరు చేతికిచ్చాను. బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి వాటిలో పెట్టి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాను. ఇంత ఉద్యోగం చేసి, మడిలో కాలు పెట్టడం అదే మొదటిసారి. బురద నేననుకున్నంత చల్లగా లేదు, అనుకున్నదానికన్నా లోతుగా ఉంది.

"సార్, ఎదరకి కాదు, కిందకి సూసి అడుగెయ్యండి," అన్నాడు డ్రైవరు గొడుగు కిందనుంచి.

తోశాను. గాలిలో ఎన్నోసార్లు తోసిన వస్తువే, బురదలో పరిచయం లేనట్టు ప్రవర్తించింది. చక్రాలు ఒక వరుసలోంచి పక్క వరుసలోకి వెళ్ళాయి. వెనక్కి లాగాను. ముందుకి తోశాను. నడుము మాత్రం వంచలేదు. మడి చివరిదాకా వెళ్ళి, తిరిగి, మగవాళ్ళున్న గట్టు ముందు నిలబడ్డాను. తీర్పు కోసం చూశాను.

ఊరి పెద్ద విచారంగా తల అడ్డంగా ఊపాడు. "మహరాజ్, ఏటనుకోకు. నువ్వు తెలుగు మనిషివి, రేల్వే వాళ్ళ పిల్లడివి. మీ దేశంలో బాపనోళ్ళు ఏటి ముట్టుకుంటారో, ఏటి ముట్టుకోరో మాకేటి తెలుసు?"

దివానుగారు, అమీనుగారు, నాన్నగారు ముగ్గురూ ఆ క్షణాన నా వెనకే బురదలో నిలబడినట్టు అనిపించింది. బావగారు ఎడ్ల తాళ్ళు సర్దుకున్నాడు. "అయిపోనాదా?" అన్నాడు. బెల్తరాహిన్ మడి మూల నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

అప్పుడు వినబడింది. ఎదుటి గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత ఇంకొకరు. నేను మడిలో దిగినప్పటి నుంచీ ఆపుకుంటున్నట్టున్నారు, ఇక ఆగలేదు.

"సాహెబ్ కలుపు తీస్తన్నాడే," అంది ఒకామె.

"ఒక చీర ఇచ్చీండే ఎవరైనా, పాపం ప్యాంటు తడిసిపోనాది."

"రేపు మా మడికి పంపించీండి, కూలి ఇచ్చీస్తాం."

కులం పోతుందంటే గంభీరంగా పోగొట్టుకోవడానికి సిద్ధపడి దిగాను. నవ్వుకి సిద్ధపడలేదు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పిడి మీద పెట్టుకున్నాను.

ఊరి పెద్దకి తల్లి ఉంది, పళ్ళు లేని ముసలావిడ. ఆవిడ నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, కొడుకుని కేకేసింది.

"ఒరే, మీ నాన్న దున్నుతుంటే నేనెప్పుడైనా నవ్వేనా?"

"లేదే."

"నువ్వు దున్నుతుంటే నీ పెళ్ళాం నవ్విందా?"

"నవ్వితే ఊరుకుంటానా?"

"నాగలి పట్టిన మగాణ్ణి సూసి నవ్వే ఆడది ఈ ఊళ్ళో పుట్టలేదు. మరి ఇంతమందిమి ఎందుకు నవ్వుతున్నామురా? అది ఆడాళ్ళ పని గనక. ఆడాళ్ళ పని ఎవడైనా చేస్తే నవ్వొస్తాది. ఇందులో నాగలెక్కడుంది?"

మగవాళ్ళ గట్టు మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలోనూ సగం మంది మూతి బిగబట్టుకునే ఉన్నారు. ఊరి పెద్ద నా వైపు ఒకసారి చూశాడు, మోకాళ్ళదాకా బురద, చేతికంటిన పసుపు. ఇక ఆయన వల్ల కూడా కాలేదు. నవ్వుతూనే తీర్పు చెప్పాడు. "నాగలి కాదు. కానే కాదు."

బావగారు ఒక్కడే నవ్వలేదు. ఎడ్లతో, "పదండి, మనకిక్కడ పని లేదు" అన్నాడు.

బెల్తరాహిన్ మడిలోకి దిగి నా దగ్గరికి వచ్చింది. ముసుగు అలాగే ఉంది. పిడి మీద చెయ్యి వేసి, "ఇలాగిచ్చీండి మహరాజ్," అంది. "పైరు తొక్కీస్తన్నారు."

ఇచ్చేశాను.

ఆమె పంట ఆ యేడు ఇంటికి వచ్చింది, కలుపు లేకుండా. నేను తోసిన వరుస మాత్రం కోతదాకా విడిగా కనిపిస్తూనే ఉంది. ఆ దారిన వెళ్ళేవాళ్ళు దాన్ని మహరాజ్ వరుస అనేవారు. బావగారి ఇంట్లో ముద్ద తినవలసిన అవసరం ఆమెకి ఆ తరువాత కూడా రాలేదు. మరుసటి వానలకి ఆడవాళ్ళు మా గోదాము ముందు నిలబడి వీడర్లు అడిగి పట్టుకెళ్ళారు. బావగారు కూడా ఒకటి పట్టుకెళ్ళాడు, తన భార్య కోసం. మహిళలను భాగస్వాములను చేసినందుకు పెద్దసారుకి మెప్పు వచ్చింది.

ఈ శాఖలో చేరే పిల్లలకి ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మేము ఏ నివేదికలోనూ రాయలేదు. బియాసీ ఉన్నప్పుడు ఎడ్లతో మగవాళ్ళు మడిలో దిగేవారు. వీడర్ ఆడవాళ్ళ పనని తీర్పు అయ్యాక, దిగడం మానేశారు. రెండేళ్ళకి వెళ్ళి చూస్తే మడుల్లో ఆడవాళ్ళు యంత్రాలు తోస్తున్నారు. మగవాళ్ళు గట్ల మీద నిలబడి, కొందరు గొడుగులతో, చూస్తున్నారు. మేము ప్రవేశపెట్టిన సాంకేతికత వల్ల ఆ ఊరి మగవాళ్ళందరూ మా వంశస్థులయ్యారు.

డ్రైవరు ఈ కథని వారం తిరక్కుండా రేల్వే కాలనీ అంతా చెప్పాడు. మా అమ్మ చెవిన కూడా పడింది.

"ఏటిరా, మడిలో దిగేవట?"

"దిగేను."

"నాగలి పట్టేవా?"

"నాగలి కాదమ్మా. ఊరంతా కూర్చుని తేల్చేరు."

"మరేటది?"

"ఆడవాళ్ళ పని."

అమ్మ వేళ్ళ మీద పెద్దలని లెక్కపెట్టింది. మా వంశంలో ఆడవాళ్ళ పనిని నిషేధించిన పెద్దలెవరూ ఆవిడకి గుర్తు రాలేదు. ఎవరూ దాన్ని ఊహించి ఉండరు. "సరేలే. నాగలి కాదు కదా," అంది. "నడుము వంచేవా?"

"లేదమ్మా."

"మరింకేం."

గొడుగు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ మరుసటి వేసవిలో వంశధార ఒడ్డున మాకు మిగిలిన ఆఖరి మడి అమ్మేశాం. ఇన్నేళ్ళూ దాన్ని దున్నుతున్నవాళ్ళే కొన్నారు.